పన్నెండు కంప్యూటర్లు, ఒక పేరు

నా చిన్నప్పుడు మా బడికి పన్నెండు కంప్యూటర్లు వచ్చినాయి. లారీలోంచి అట్టపెట్టెలు దిగుతుంటే వీధంతా నిలబడి చూసింది. పెట్టెల్లో ఉండేవాటి ముఖం మాత్రం ఆ తరువాత చాలా నెలలు మేమెవరమూ చూడలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. పుంగనూరు బజారులో ఎస్టీడీ బూతుల ముందు ఇంకా జనం వరస కట్టే రోజులు. నేను తొమ్మిదో తరగతి.

మాది బట్టల అంగడి. మా నాయన మదనపల్లెకు పోయి తానులు తెచ్చేవాడు. గల్లా దగ్గర కూర్చుని అమ్మేది మాత్రం మా మేనత్త. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మావాళ్ళు గొప్పగా చెప్పేవాళ్ళు. అదంతా అబద్ధం. మాటలే ముందు వచ్చినాయి. బేరాల్లో నేను ఓడిపోతూనే ఉండేదాన్ని, ఓడిపోయినట్టు తెలిసేది కాదు, అంతే.

మా అంగట్లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి అమావాస్యకు బీరువాలోని చీరలన్నీ కిందికి దించి, ఒక్కొక్కటీ విప్పి, పాత మడత మీద కాకుండా వేరే మడత మీద మళ్ళీ మడవాల. కదలకుండా పడుండే గుడ్డ మడత దగ్గర వెలిసిపోయి తెల్లగా గీత పడుతుంది. ఆ గీత కనబడిందంటే అది ఎవరికీ చూపించని సరుకని బజారులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా బాల్యంలో సగం అమావాస్యలు ఆ మడతల్లోనే పోయినాయి.

కంప్యూటర్లకు దుమ్ము పడకుండా తొడుగులు కావాలంటే గుడ్డ ఇచ్చింది మా అత్తే. నీలం రంగు కాటన్, ఒకే తానులోది. ఆ ఉపకారానికి బదులుగానో ఏమో, ఆమెను బడి తల్లిదండ్రుల కమిటీలో వేసినారు. తొడుగులు కుట్టి కప్పినారు, తలుపుకు తాళం వేసినారు, తాళంచెవి హెడ్మాస్టరు సారు జేబులోకి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. సర్వీసు రెండేళ్ళే మిగిలుంది. పన్నెండింటికీ ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు; ఒకటి చెడిపోతే తన మెడకు చుట్టుకుంటుందని ఆయనకు నిద్ర పట్టేది కాదు.

కంప్యూటరు నేర్పడానికి కుప్పం వైపు నుంచి ఒక పడుచు సారు వచ్చినాడు. ఒక్క సంవత్సరానికే వేసిన ఉద్యోగం. గది తెరవరు కాబట్టి ఆయన మా నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసేవాడు. మేము వరసగా పోయి ఆ సుద్ద గడుల మీద వేళ్ళు నొక్కి వచ్చేవాళ్ళం. వేళ్ళకు అంటిన తెల్లసుద్దే మా కంప్యూటరు చదువు. ఈ సంవత్సరం అయిపోతే ఆ సారు పోతాడు, ఆ తరువాత తలుపు తెరిచినా నేర్పే దిక్కుండదు. అది మాకందరికీ తెలుసు. చేసేదేమీ లేక ఊరకుండేవాళ్ళం.

ఆ సమయంలో పైనుంచి కబురు వచ్చింది: ఏ బడి కంప్యూటర్లలో ఎంత ముందుకు పోయిందో కొలవడానికి మదనపల్లె నుంచి ఆఫీసరు వస్తున్నాడని. ఆయన తెచ్చే కాగితంలో గడులుంటాయి. ఎన్ని వచ్చినాయి, ఎన్ని బాగున్నాయి, తొడుగులున్నాయా, రిజిస్టరు రాస్తున్నారా. ప్రతి గడికీ మార్కులు. ఆ లెక్కన చూస్తే మా బడిని మించింది లేదు. వాడని వస్తువు చెడిపోదు కదా. పైగా రిజిస్టరులో రోజుకు రెండు పీరియడ్ల చొప్పున, ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో రాసిపెట్టి ఉంది.

ఆఫీసరు ముందు చేసి చూపించడానికి ఒక పిల్ల కావాల. గడగడా మాట్లాడతానని హెడ్మాస్టరు సారు నన్ను ఎంచినాడు. నేను ఊరికే ఒప్పుకుంటానా. గ్రూపు ఫోటోలో ముందు వరసలో కుర్చీ వేయాలన్నాను, బడి తోటకు నీళ్ళు మోసే పని తీసేయాలన్నాను. రెండింటికీ సరేనన్నాడు. ఎంత గొప్పగా గెలిచినానో అనుకుంటూ ఇంటికి వచ్చినాను. పది రోజులు పొద్దున్నే గది తెరిచి, నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి, హెడ్మాస్టరు సారు తన ఎదుటే కుప్పం సారుతో నేర్పించినాడు. నేర్పింది ఒకే మాట, వెల్‌కం. దాన్ని నేను పాటలా బట్టీ పట్టినాను: పైన రెండు, పైన మూడు, నడమ తొమ్మిది, కింద మూడు, పైన తొమ్మిది, కింద ఏడు, పైన మూడు. హెడ్మాస్టరు సారు పక్కన నిలబడి చిటికెలతో తాళం వేసేవాడు. ఇంకో మీట తాకనిచ్చేవాడు కాదు.

ఆ రోజు ఆఫీసరు వచ్చినాడు. కాగితం చివర కమిటీ సభ్యుల సంతకం ఉండాలంటే మా అత్తకు కబురు పోయింది. కొలబద్ద మా నాయన చేతికిచ్చి వచ్చింది. హెడ్మాస్టరు సారు కాగితం ముందు పెట్టి, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటు చూపించినాడు.

"ఈడ పెట్టమ్మా. సారు పొద్దుపోకముందు గంగవరం పోవాలంట."

"పెడతాను లెండి. సంతకం యాడికి పోతాది? సరుకు సూడనీండి ముందు."

గదిలోకి పోయింది. కిటికీ పక్కనుండే కంప్యూటరు తొడుగు ఎత్తి, గడప దగ్గరికి తెచ్చి వెలుతురులో పరిచింది. నీలం గుడ్డ మీద పైనుంచి కిందికి ఆరు తెల్ల పట్టెలు, వాటి నడుమ సన్నగా నీలం గీతలు, కొలిచి గీసినట్టు.

"ఇది నేనిచ్చిన గుడ్డే సారూ. ఈ గీతలు నా తానులో లేవు" అనింది.

ఆఫీసరు గుడ్డ చూసినాడు, తలెత్తి కిటికీ ఊచలు చూసినాడు. హెడ్మాస్టరు సారు ఉతికించడంలో వెలిసిందేమోనన్నాడు.

"ఉతికితే గుడ్డంతా వెలుస్తాది గాని, ఊచలూచలుగా వెలుస్తాదా? దినామూ తీసి కప్పేదయితే గీత ఒకచోట నిలబడదు. ఇది కప్పిన నాటినుంచి కదల్లేదు."

"రిజిస్టరులో రోజూ రెండు పీరియడ్లని ఉందే" అన్నాడు ఆఫీసరు.

"రిజిస్టరును ఎండలో పెట్టలేదు కదా సారూ."

కిటికీకి కరుచుకుని చూస్తున్న పిల్లలు కిసుక్కున నవ్వినారు. హెడ్మాస్టరు సారు ముఖం మాడిపోయింది. మా పిల్లలకు రాకపోతే కదా అని నా రెక్క పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టినాడు. నేను మనసులో పాట పాడుకున్నాను. ఏడు మీటలు, ఏడు అక్షరాలు. తెర మీద మాట వెలిగింది. ఆఫీసరు ముఖం విప్పారింది, పెన్ను మూత తీసినాడు. నాకప్పుడే ఫోటోలో నా కుర్చీ కనబడింది.

"బాగుండాది" అనింది మా అత్త. "ఇంగ నీ పేరు కొట్టు."

నేను ఆమె ముఖం చూసినాను. ఇంటి మనిషి, నాకు మడతలు నేర్పిన మనిషి, అందరి ముందర అట్లా అడుగుతుందనుకోలేదు. నా పేరు మొదటి అక్షరం నా పాటలో లేదు. వెతికి వెతికి కనుక్కున్నాను. వేలు ఎత్తడం మరిచిపోయి నొక్కి పట్టినాను. ఆ ఒక్క అక్షరం తెర ఈ కొసనుంచి ఆ కొసదాకా చీమలబారులా పాకిపోయింది. "అబ్బ, ఎంత పెద్ద పేరే నీది" అన్నారు కిటికీలోంచి. దాన్ని ఎట్లా తుడవాలో నాకు తెలియదు. తప్పు చేయకూడదని పది రోజులు నేర్పినారు, చేసిన తప్పును తుడిచేది మాత్రం నేర్పలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

మా అత్త నవ్వలేదు, జాలిపడలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిన కుప్పం సారు వైపు తిరిగింది. "నువ్వు యాల బయట ఉండావప్పా? నీ పని లోపలే కదా."

ఆయన హెడ్మాస్టరు వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చినాడు. నా చేయి పట్టుకోలేదు. అంకెల వరసలో కుడివైపు కొసనుండే మీటను చూపించి, నొక్కి వదులు, నొక్కి వదులు అన్నాడు. ఒక్కో అక్షరం వెనక్కి పోయింది. తెర ఖాళీ అయింది. ఆ తరువాత నా పేరు నేనే వెతుక్కుని కొట్టినాను. నడుమ రెండుసార్లు తప్పు పోయి, రెండుసార్లూ తుడుచుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆఫీసరు మాత్రం గడియారం చూడలేదు.

"ఇప్పుడు రాసుకోండి సారూ" అనింది మా అత్త. "వచ్చినవి పన్నెండు, నేర్చుకునింది ఒకరు. అదీ ఇప్పుడే."

దానికి కాగితంలో గడి లేదన్నాడాయన.

"లేకపోతే గీయండి. మీ చేతిలో పెన్నుండాది కదా."

ఆయన నిజంగానే అడుగున ఒక గడి గీసినాడు. అందులో ఒకటి అని వేసినాడు. ఆ తరువాత మొదలయింది అసలు బేరం. వారానికొకసారి, శనివారం తెరుస్తానన్నాడు హెడ్మాస్టరు సారు. ఆరు దినాలూ అనింది మా అత్త. పిల్లలు చేతులు పెడితే చెడిపోతాయి కదమ్మా అన్నాడాయన.

"ఇప్పి సూపిస్తే చీర నలుగుతాది సారూ. నలగకుండా అమ్ముడుపోయే చీర మా అంగట్లో ఇంతవరకూ లేదు. చెడిపోతే పిల్లోళ్ళు నేర్చుకునేదానికే చెడిపోయిందని కమిటీ తరపున నేను రాసిస్తా."

నాలుగు దినాల దగ్గర తెగింది. తాళంచెవి కుప్పం సారు చేతికి మారింది. మా అత్త మొదట పూచీ కాగితం రాసి సంతకం పెట్టి, తరువాతే ఆఫీసరు కాగితం పట్టుకుంది.

మార్కుల వరసలో బడుల జాబితా వచ్చినప్పుడు మా బడి పేరు అట్టడుగున ఉంది. మా అత్త ఊరి పరువు తీసిందని బజారులో అన్నారు. అంగట్లో కూర్చుని గుడ్డలు కొలుచుకోక ఆమెకెందుకు ఈ పెత్తనమని ఒకాయన మా గడప ముందరే నిలబడి అన్నాడు. "కొలిసేది వచ్చు కాబట్టే పోయినా" అని ఆమె కత్తెర అందుకుంది. ఫోటోలో నాకు చివరి వరసే దక్కింది, మనిషి వెనక మనిషి, నుదురు మాత్రం పడింది. తోటకు నీళ్ళు బడి వదిలేదాకా మోసినాను. మా అత్తతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, అంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగినావని నిలదీసినాను. "వేరే పిల్లనయితే వాళ్ళమ్మ నన్ను బతికినన్నాళ్ళూ తిట్టును. నువ్వయితే మూడు దినాలే" అనింది.

ఆ సంవత్సరం ముగిసేలోపల రెండు కీబోర్డుల మీటలు ఊడినాయి. ఒక మౌసు తీగను ఎలుక కొరికింది. కరెంటు ఎగుడుదిగుళ్ళకు ఒక తెర నల్లబడింది. ప్రతిదానికీ మా అత్త రాసిచ్చింది, ఒక్కటి కూడా ఆమె మీదికి రాలేదు. కుప్పం సారు వెళ్ళిపోయేనాటికి మా తరగతిలో పేరు కొట్టలేని పిల్ల లేదు. ఆ సంగతి ఏ జాబితాలోనూ ఎక్కలేదు.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. మదనపల్లెలో అంగడి పెట్టుకున్నందుకు, నాలుగు మాటలు గట్టిగా మాట్లాడగలిగినందుకు, ఒక కాలేజీవాళ్ళు నన్నూ కమిటీలో వేసుకున్నారు. గోడంత తెరలు చూపిస్తారు, రంగురంగుల పటాలు చూపిస్తారు, పోయిన ఏటికంటే ఎంత పెరిగినామో చెప్తారు. కాఫీ బాగుంటుంది. నేను తాగి, ఈ ఏడు వీటిలో ఎన్ని పాడయినాయని అడుగుతాను. ఒక్కటీ పాడవలేదని వాళ్ళు ఛాతీ విరుచుకుంటే, సంతకానికి పెట్టిన కాగితం పక్కకు జరిపి, వరండాలో పోయే ఎవరో ఒక పిల్లను పిలవమంటాను. ఈమెతో పెద్ద తలనొప్పని వాళ్ళు అనుకోవడం నాకు వినబడుతూనే ఉంటుంది. అనుకోనీ. ఆ పిల్ల వచ్చి, నా ముందు ఒక తప్పు చేసి, దాన్ని తనే దిద్దుకునేదాకా నా పెన్ను మూత తీయను.