ఉంది అని చెప్పాల్సిన ఉద్యోగం

పొద్దున నాలుగున్నరకి మెలకువ రాగానే, కళ్ళు తెరవకముందే, నా కుడిచెయ్యి పక్కకి వెళ్ళేది. ఆయన ఎడమ ముంజేతి మీద రెండు వేళ్ళు ఆనించేదాన్ని. చర్మం కింద జుంయ్‌మని ఉండేది, పిల్లి గుర్రుపెట్టినట్టు. "ఉంది" అనేదాన్ని. ఆయన నిద్రలోనే "ఎక్కడికి పోతుందే" అనేవారు. ఆ తర్వాతే పొయ్యి వెలిగించడం, పాలు పెట్టడం.

డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు దాన్ని. సూదులు అక్కడే వేస్తారు. అది పనిచేస్తున్నంతకాలం అలా అదురుతూనే ఉంటుంది. అదురు ఆగిందంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ పొద్దున పట్టుకు చూడమని మొదటి రోజే డయాలిసిస్ సెంటర్లో నర్సులందరికీ పెద్ద, పెద్ద సిస్టరు, నాకు నేర్పింది. మూడేళ్ళు ఒక్కపూట మానలేదు. ఏడు నెలల కిందట ఒక మంగళవారం వేళ్ళు ఆనించాను, లేదు. ఆగింది ఆ చెయ్యి ఒక్కటే కాదని తెలియడానికి ఇంకో నిమిషం పట్టింది.

ఇప్పుడూ మెలకువ నాలుగున్నరకే వస్తుంది. చెయ్యి దుప్పటి మీద పడుతుంది. వెనక్కి తీసుకుని లేస్తాను. తొందరపడి చెయ్యాల్సిన పని ఏదీ ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది మా మేనకోడలి గురించి. అన్నయ్య కూతురు. నర్సింగు చదవడానికి నాలుగేళ్ళ కిందట మా ఇంటికి వచ్చింది. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడేది. ఆయన దానికి "బెదురు" అని పేరు పెట్టారు. "చేతిలో అదురు, ఇంట్లో బెదురు, నాకింకేం లోటు" అనేవారు. "బెదురూ, నువ్వు సూది వేస్తే పేషెంటే నిన్ను ఓదార్చాలే" అని ఏడిపించేవారు. "మొదటి సూది మీకే మామయ్యా, అప్పుడు చూద్దాం ఎవరు ఎవర్ని ఓదారుస్తారో" అనేది అది.

ఆ మంగళవారం నేను కేకేసింది దాన్నే. పరుగెత్తుకొచ్చి తనూ ఆ చేతి మీద వేళ్ళు పెట్టింది. తియ్యమన్నా చాలాసేపు తియ్యలేదు.

పరీక్ష పాసయింది. కాకపోతే అప్పట్నుంచి ఎవరి నాడి చూసినా ఒకటికి మూడుసార్లు చూస్తుంది. చూసి, పక్కవాళ్ళని కూడా చూడమంటుంది. ఉద్యోగానికి పదకొండు చోట్లకి తిరిగింది. అందరూ ఒకటే అడిగారు, అనుభవం ఉందా అని. ఉద్యోగం ఇస్తేగా అనుభవం. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది. మా అన్నయ్యకి జిరాక్స్ కొట్టు ఉంది. ఫోన్ చేసి, "ఈ నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఉద్యోగం రాకపోతే వచ్చి కొట్లో కూర్చోమను. ఇక్కడ ఎవరూ చావరు, కాగితం ఇరుక్కుంటే లాగితే చాలు" అన్నాడు. అనేశాక నేను గుర్తొచ్చాను కాబోలు, కాస్త ఆగి "భోంచేశావా" అన్నాడు.

నెలాఖరుకి ఇంకా ఆరు రోజులుందనగా పెద్ద సిస్టరు నాకు ఫోన్ చేసింది. ఆయన వెళ్ళిన డయాలిసిస్ సెంటర్లోనే ఒకమ్మాయి మానేసిందట. "మీ మేనకోడల్ని పంపండి. మొహమాటానికి తీసుకోను, ఒక్కరోజు పని చూసి చెప్తాను" అంది.

ఆ సంగతి చెప్తే బెదురు సంతోషించలేదు. "అక్కడా అత్తా?" అంది.

"అక్కడే."

"జిరాక్స్ మిషను కూడా జుంయ్‌మంటుంది కదూ" అంది. నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

సాయంత్రం బాల్ పెన్ను తెచ్చి నా ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మామయ్యకి ఉన్నట్టే నాళం గీసింది, మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా. "ఇక్కడ ఒక సూది, మూడు వేళ్ళ ఎడం, ఇక్కడ రెండోది" అని చుక్కలు పెట్టింది. చుక్క పెట్టబోయి రెండుసార్లు పెన్ను వెనక్కి తీసింది. "గుచ్చవే, పెన్నేగా" అన్నాను. రాత్రి గిన్నెలు తోమితే గీత చెరిగిపోయింది. మర్నాడు మళ్ళీ గీసింది.

పెద్ద సిస్టరు పని చూస్తానన్న రోజు పొద్దున ఆరింటికి నేనూ వెంట వెళ్ళాను. లోపలికి రానని, బెంచీ మీద కూర్చుంటానని మాటిచ్చాను. గోడవారగా పేషెంట్ల మనుషులు కూర్చునే బెంచీ. ఎదురుగా అద్దం తలుపు, సగం తెరిచి ఉంది. లోపల ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. నాలుగో మంచం ఆయనది. అందులో ఎవరో కొత్తాయన పేపరు చదువుకుంటున్నాడు. ఐదో మంచం మీద పాతాయనే, రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన దగ్గు వినపడితే మా ఆయన "పక్కకి తప్పుకోండి, బస్సొస్తోంది" అనేవారు.

బెదురుని డ్రైవరుగారి దగ్గరికే పంపారు. అక్కడి టెక్నీషియను దానితో అన్న మాటలు నాకు వినపడ్డాయి. "చెయ్యి పట్టి చూడు, శుభ్రం చెయ్యి, ఉందో లేదో చెప్పు. సూదులు నేను వేస్తాను." అంతే పని. ఒక్క మాట చెప్పాలి.

అది వేళ్ళు ఆనించింది. కాస్త పైకి జరిపింది. స్టెతస్కోపు పెట్టి వింది. మళ్ళీ వేళ్ళు పెట్టింది. టెక్నీషియను అటు పక్క మంచం దగ్గర్నుంచి, "ఏమ్మా, జాతకం చెప్తున్నావా? మొన్న బానే ఉందిగా ఆ చెయ్యి" అన్నాడు.

"చూడనివ్వవయ్యా" అన్నాడు డ్రైవరుగారు. "తల్లీ, ఆయుష్షు కాస్త ఎక్కువే చెప్పు."

‘ఉంది’ అనవే, అనుకున్నాను. మరుక్షణమే, లేకపోతే అనకే, అనుకున్నాను.

అది గబగబా తలుపు దగ్గరికొచ్చి, "అత్తా, ఒక్కసారి రా. నువ్వు పట్టుకు చూడు" అంది.

నేను వెళ్ళకూడదు. బయటివాళ్ళు ఆ గదిలో అడుగు పెట్టకూడదని మూడేళ్ళు నాకు చెప్పీ చెప్పీ వాళ్ళకి నోరు నొప్పెట్టింది. అయినా దాని మొహం చూశాక కాళ్ళు ఆగలేదు. చెప్పులతోనే వెళ్ళిపోయాను. డ్రైవరుగారి చేతి మీద రెండు వేళ్ళు ఆనించాను. చెయ్యి వెచ్చగా ఉంది. మనిషి నా మొహంలోకే చూస్తున్నాడు. వేళ్ళ కింద మాత్రం ఏమీ లేదు.

"లేదు" అన్నాను.

"ఏం చేస్తున్నారమ్మా మీరిక్కడ?" వెనకనుంచి పెద్ద సిస్టరు. "చెప్పులతోనా?"

అప్పుడు నోరు విప్పింది బెదురు. "అదురు ఆగిపోయింది సిస్టర్. సూది వెయ్యకూడదు."

పెద్ద సిస్టరు నన్ను పక్కకి జరిపి తనే పట్టుకు చూసింది. స్టెతస్కోపు పెట్టింది. ఇంకేమీ అనకుండా డాక్టరుకి ఫోన్ చేసింది. "రాత్రంతా ఆ చెయ్యి మీదే పడుకున్నట్టున్నానమ్మా" అంటున్నాడు డ్రైవరుగారు, తప్పు చేసిన పిల్లాడిలా. పావుగంటలో ఆయన్ని పెద్ద ఆసుపత్రికి పంపించారు.

తర్వాత పెద్ద సిస్టరు మా ఇద్దరినీ బెంచీ దగ్గర నిలబెట్టింది. "ఉందో లేదో చెప్పవే అంటే అత్తని తీసుకొచ్చావు. రేపు ఇంకో అనుమానం వస్తే ఎవర్ని తెస్తావు? మీ నాన్ననా?" అంది. నా వైపు తిరిగి, "మీకైనా ఉండక్కర్లా?" అంది. "ఇంటికి వెళ్ళండి. సాయంత్రం ఫోన్ చేస్తాను."

బస్సెక్కాం. నా చెప్పుల మూలంగా పిల్ల ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే అది అంది, "నా వేళ్ళకి లేదనే తెలిసింది అత్తా. మామయ్య రోజు కూడా వెంటనే తెలిసింది. ఆ మాట నోటితో అనడానికి భయమేసింది."

"అన్నావుగా చివరికి."

"నువ్వు అన్నాక."



ఫోన్ బల్లమీద పెట్టుకుని కూర్చున్నాం. మూడు దాటింది. నాలుగు దాటింది. అది లేచి కిటికీ దాకా వెళ్ళడం, రావడం. నేను ఉతికిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడతపెట్టడం. ఐదింటికి ఫోన్ మోగింది. ఇద్దరం ఒకేసారి అందుకోబోయాం. అన్నయ్య.

"ఏమైంది?" అన్నాడు.

"లైను ఖాళీ చెయ్యి అన్నయ్యా" అని పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగాక వాడి మాట మధ్యలో ఫోన్ పెట్టడం అదే మొదలు.

ఆరు కావస్తుండగా పెద్ద సిస్టరు చేసింది. బెదురు తియ్యనంది. నేనే తీశాను.

"డ్రైవరుగారి చేతిలో అడ్డుపడ్డ రక్తం గడ్డ తీసేశారమ్మా. అదురు మళ్ళీ వచ్చిందట. ఇంకో పూట ఆలస్యమైతే ఆ చెయ్యి పనికొచ్చేది కాదన్నారు." అక్కడ ఆగింది. "పిల్లని రేపు ఆరింటికి పంపండి. తీసుకుంటున్నాం. మీరు మాత్రం రాకండి."

"రానండి."

"గేటు దాకా కూడా."

"గేటు దాకా కూడా రాను."

చెప్తే బెదురు గెంతులేస్తుందనుకున్నాను. కుర్చీలో కూలబడి, "రేపో ఎల్లుండో సూది నా చేతే వేయిస్తారు అత్తా" అంది. అన్నయ్యకి ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పింది. అన్నం తినలేదు, కెలికింది. తర్వాత పెన్ను తీసుకొచ్చి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. నాళం గీసింది. ఒక చుక్క, మూడు వేళ్ళ ఎడం, రెండో చుక్క. ఈసారీ ఒకసారి పెన్ను వెనక్కి తీసింది, కానీ చుక్క పెట్టాల్సిన చోటే పడింది.

"పొద్దున వెళ్ళేముందు ఒక్కసారి చూసుకుంటాను. తడపకు."

"మరి గిన్నెలెవరు తోముతారు?"

"నేను తోముతాను."

"అక్కర్లేదు. వెళ్ళి పడుకో. నాలుగున్నరకి లేవాలి."

"నువ్వు లేపుతావుగా?"

"లేపుతాను."

అది లోపలికి వెళ్ళింది. నేను వంటగదిలోకి వెళ్ళాను. రెండు కంచాలు, అన్నం గిన్నె, పాలగిన్నె, గరిటె. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఎంగిలి గిన్నెలు తెల్లారేదాకా ఉంచి ఎరగను. కుళాయి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాను. చీర కొంగు ఎడమచేతికి తగలకుండా కుడి భుజం మీదుగా చుట్టుకుని, వంటింటి దీపం ఆర్పేశాను.