నాకు టాటా చెప్పిన లాంచీ

వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ ఆఫీసులో నేను జూనియర్ లాయర్ని. చేరిన కొత్తలో పట్టిసీమ రేవు దగ్గర లైఫ్ జాకెట్లు అమ్మే కొట్టు తనిఖీకి వెళ్ళాం. ఒక జాకెట్ తీసి నీళ్ళ తొట్టిలో వేస్తే, సాంబారులో ఇడ్లీలా నీళ్ళు పీల్చుకుని మునిగిపోయింది.

“మిగతావి ఏవండీ?” అన్నాను.

“అవిగో, వెళ్తున్నాయండి” అంటూ కొట్టాయన గోదావరి వైపు చూపించాడు. నది మధ్యనున్న గుడికి బయల్దేరిన లాంచీలో అందరి ఒంటి మీదా అవే!

రేవులోకి పరిగెత్తి, చేతులూపుతూ అరిచాను. ఇంజిన్ మోతలో ఏం వినపడిందో, పిల్లలు నాకు టాటా చెప్పారు.

“నోటీసివ్వాలంటే ఈదాలండి లాయరుగారూ” అన్నాడు కొట్టాయన.

వాళ్ళు అవతల క్షేమంగా దిగేదాకా నేను రేవులోంచి కదల్లేదు. అంతవరకూ నోటీసుల్లో ‘ప్రాణాపాయం’ అన్న మాటని పాతవాటిలోంచి కాపీ కొట్టేవాణ్ణి. ఆ సాయంత్రం పాత నోటీసులు పక్కన పెట్టి, ఆ మాట నా అంతట నేనే రాశాను.