సౌర తుఫానుకు కప్పిన మిర్చి కల్లం

మా చెల్లెలు సూర్యుడికి భయపడి మిర్చి మీద ప్లాస్టిక్ పరదాలు కప్పిందని ఖమ్మం జిల్లా ఏన్కూరు చుట్టుపక్కల ఒక కథ తిరుగుతోంది. ఫోన్‌లో ఏదో చూసి బెదిరిపోయి, కల్లంలో ఎండుతున్న కాయనంతా రంగుపోయిన తాలు చేసిందట. చెప్పేవాళ్లు నవ్వుతూ చెబుతున్నారు. వినేవాళ్లు ఇంకో నాలుగు మాటలు కలిపి ముందుకు పంపుతున్నారు. ఈ కథ అబద్ధం. ఆమె దేనికీ బెదరలేదు. కప్పమన్నది నేను. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్న నేను.

సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగిందని, ఆ తుఫాను భూమి వైపు వస్తోందని వార్తలొచ్చిన రోజు, ఒక వీడియో చానల్ అతను మైకు పట్టుకుని మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. మొదట నేను సరిగ్గానే చెప్పాను. సూర్యుడు గట్టి ముద్ద కాదు. నడుము దగ్గర వేగంగా, ధ్రువాల దగ్గర నెమ్మదిగా తిరుగుతాడు. అందువల్ల అతని అయస్కాంత క్షేత్రం ఏళ్ల తరబడి మెలిపడుతూ ఉంటుంది. మంచం అల్లే నులకను మరీ మెలితిప్పితే అది తన మీద తానే చుట్టుకుని ఉబికి లేస్తుంది చూడండి, అలాగే ఈ మెలికలు సూర్యుడి పైకి పొడుచుకొస్తాయి. అవి లేచిన చోట నల్లమచ్చలు కనిపిస్తాయి. ఆ పైన, సంపూర్ణ సూర్యగ్రహణంలో తెల్లటి వెలుగులా కనిపించే బయటి వాతావరణంలో, మెలికలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. అప్పుడు దాచిపెట్టుకున్న శక్తంతా ఒక్కసారిగా బయటపడుతుంది. దాని వెలుగు నిమిషాల్లో మనల్ని చేరుతుంది. అది విసిరిన పదార్థం రావడానికి ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది.

అతనికి ఆవలింత వచ్చింది.

"సార్, గిదంత ఎవరు వింటరు? మన ఖమ్మంల ఏమైతదో చెప్పుండ్రి."

"ఏమీ కాదు. ఉపగ్రహాలకు, రేడియోకు చిక్కు. ధ్రువాలకు దగ్గరి దేశాల్లో కరెంటు లైన్లకు చిక్కు. నేల మీద ఉన్న మనకు భూమి అయస్కాంత క్షేత్రం అడ్డం, గాలి అడ్డం."

"ఏం గాదంటే వీడియో ఎవరు చూస్తరు సార్? మిర్చి సీజన్ నడుస్తుంది. పంటకేమన్న అయితదా?"

కాదు అనాలి. ఒక్క మాట. కానీ కెమెరా వెనక తోటి లెక్చరర్లు నిలబడి చూస్తున్నారు. కాదంటే అతను మైకు కట్టేసి వెళ్లిపోతాడు. నేను కళ్లజోడు సవరించుకుని, గొంతు బరువు చేసుకుని, "ఇప్పుడే కచ్చితంగా చెప్పలేం" అన్నాను.

సాయంత్రానికి నా ముఖం వెనక మంటలు పెట్టి, మిర్చి రైతులూ జాగ్రత్త అని రాసి ఊరూరా వదిలాడు. నాకు కోపం రాలేదు. అదే ఇప్పుడు కోపం తెప్పిస్తోంది. ఎక్కడెక్కడి చుట్టాలో ఫోన్లు చేసి పొగుడుతుంటే నేను కుర్చీలో వెనక్కి వాలి వింటూ కూర్చున్నాను.

ఆ ఫోన్ల మధ్యలో మా చెల్లెలు చేసింది. ఆమె భర్త లారీ నడుపుతాడు. వాళ్లింట్లో సేద్యం పెత్తనమంతా భర్త అన్నగారిది. ఏ చేలో ఏం వేయాలో, ఏ మందు కొట్టాలో ఆయనే చెప్పాలి. ఆమె ఏళ్లుగా పోట్లాడి, ఈ ఒక్క ఏడాదికి మిర్చి చేను తన చేతికి తీసుకుంది. బాగా పండిస్తే ఇక ముందూ ఆమెదే. లేకపోతే మళ్లీ పొయ్యి దగ్గరికే. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

"అన్నా, నీ వీడియో చూసిన. మా కాయ నిన్ననే కోసి పరిచినం, ఇంక పచ్చి ఆరలే. కప్పుమంటవా?"

అవతల ఇంకెవరిదో ఫోన్ మోగుతోంది. "ఎందుకైనా మంచిది, కప్పు. కప్పితే పోయేదేముంది?"

"పగలు గూడనా?"

"రెండు రోజులేగా."

"సరే. నువ్వు చెప్పినవంటే సరే" అంది.

పోయేదేముంది! మిర్చి పండించే ఇంట్లో పుట్టాను. రాత్రి మంచు పడుతుందని పరదా కప్పడం, పొద్దు పొడవగానే పరుగెత్తి తీయడం నాకు చిన్నప్పటి పని. ఆలస్యమైతే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. పచ్చి ఆరని కాయ మీద ఎండవేళ పరదా ఉంటే, ఆ కాయ తన ఆవిరిలో తానే ఉడికి తెల్లబడి తాలవుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా అన్నాను.

తుఫాను వచ్చింది, పోయింది. లద్దాఖ్‌లో రాత్రి ఆకాశం ఎర్రబడిందని ఫొటోలొచ్చాయి. మా దగ్గర ఆ రెండు రోజులూ మబ్బు తునక లేదు. మిర్చి ఎండడానికి అంతకంటే మంచి ఎండ ఉండదు. ఆ ఎండంతా నీలం ప్లాస్టిక్ మీద పడిపోయింది.

ఆదివారం వెళ్లాను. కల్లం దగ్గర పులిసిన వాసన. కూలి ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. మంచి కాయ కుప్ప కంటే తాలు కుప్పే పెద్దది. చెల్లెలి బావగారు తువాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"రా బావా, రా. నీ చెల్లె సూర్యునికే ముసుగేసింది, చూడు."

"సూర్యునికి గాదు పెద్దయ్యా, కాయ నల్లవడ్తదని గొడుగు వట్టింది" అంది ఒకామె. అందరూ నవ్వారు.

చెల్లెలు నా వైపు ఒక్కసారి చూసింది. నా పేరు చెప్పలేదు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచాను కూడా. "ఈసారి ఎండలు కూడా సరిగ్గా లేవులే" అన్నాను. నెత్తి మాడిపోతుండగా అన్నాను. ఆమె తల దించుకుని కాయ ఏరుకుంది. నేను వాళ్లింట్లో కోడికూరతో అన్నం తిని వచ్చాను.

శ్రీరామనవమి రద్దీ తగ్గాక వాళ్ల మొక్కు ఉందని అందరం ట్రాలీ ఆటోలో పర్ణశాల వెళ్లాం. దర్శనం అయ్యాక గోదావరి ఒడ్డున నీడలో కూర్చుని పులిహోర డబ్బాలు విప్పాం. బావగారు తింటూనే తేల్చేశాడు.

"వచ్చే ఏడు ఆ చేన్ల పత్తి పెడ్తం. నేనే చూసుకుంట. ఆమె ఇంటికాడుంటది."

ఆమె భర్త పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాడు. అతని మీద కూడా ఒళ్లు మండింది.

"కప్పమన్నది నేను, బావా" అన్నాను.

"ఊకో బావా. చెల్లెను ఎనకేసుకొస్తున్నవ్. పెద్ద సారువి, నువ్వట్ల చెప్తవా?"

"చెప్పాను. ఫోన్‌లో అడిగింది, పగలు కూడా కప్పమన్నాను."

ఆయన చెయ్యి ఆగింది. "మరి ఆ తుఫానుకు కాయకేమన్న అయితదా?"

"ఏమీ కాదు. ఆ రోజే నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పినవ్?"

నేను పులిహోర డబ్బాకు మూత పెట్టాను. ఆయన వదల్లేదు. "కల్లంకాడ నిలవడి ఎండలు సరిగ లేవంటివి గదా. అది గూడ తెలిసే అన్నవా?"

"అడుగు బావా, ఇంక అడుగు" అంది మా చెల్లెలు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "కోతకొచ్చేదాక చేను ఎట్లున్నదో నువ్వే చూసినవ్. నీకు పేరు వెట్టనీకె ఏమన్న దొరికిందా? కాయ తెచ్చి కల్లంల పోసిందాక నేను తప్పు చెయ్యలే. ఈయన మాట విన్న, గదొక్కటే నా తప్పు. వచ్చే ఏడు మిర్చే పెడ్త."

ఆయన నీళ్లు తాగి చెయ్యి కడుక్కున్నాడు. "ఒక్క ఏడాది" అన్నాడు. "గానీ ఈయన ఫోన్ ఎత్తకు."

తిరుగు ప్రయాణంలో ఆమె నా పక్కన కూర్చోలేదు. దిగేటప్పుడు మాత్రం అంది: "ఆ వీడియో ఇంకున్నది. ఎందరు చూసి కప్పిన్రో. వాళ్లకు గూడ చెప్పు."

వీడియో అతనికి ఫోన్ చేశాను. తీసేయమన్నాను, లేదా తప్పు చెప్పానని ఇంకొకటి తీయమన్నాను. "ఏం గాలేదని వీడియో పెడితే ఎవరు చూస్తరు సార్" అని ఫోన్ పెట్టేశాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ కెమెరా ముందు అతనికి కావలసిన మాట అందించింది ఎవరో గుర్తొచ్చి ఆగాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. సూర్యుడి మీద మచ్చలు పెరిగే కాలం మళ్లీ మళ్లీ వస్తుంది. విస్ఫోటనాలూ వస్తాయి. అప్పుడు నాలాంటివాడు ఎవడో మైకు ముందు కూర్చుని ఇప్పుడే చెప్పలేం అంటాడు. చెప్పగలం. మీ కాయకు ఏమీ కాదు. పొద్దు పొడవగానే పరదాలు తీసేయండి.