లైన్ క్లియర్ కాని గండుపిల్లి

ఈ ఉదయం తాల్‌బగీచాలోని మా ఇంట్లో మనవరాలు, పళ్లు తోముకుంటూనే ఫోనులో పశువుల డాక్టరుతో, తన పిల్లి నిన్నటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోసిందో, ఏ రంగులో పోసిందో జంకూ గొంకూ లేకుండా చెబుతుంటే, నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ ఒక్క మాట నోటికి రాకే కదా, ఒకప్పుడు మేము ఓ పిల్లిని చంపుకోబోయాము!

ఎనిమిదో తరగతికి నేనూ, నాకు ఎనిమిదో తరగతీ ఓ నమస్కారం పెట్టుకున్నాక, రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరిన కొత్తరోజులవి. బెంగాలులోని నిమ్‌పురా క్వార్టరులో మా అమ్మకు నాకన్నా ముద్దుగా ఒక గండుపిల్లి ఉండేది. ఇంట్లో నాకు గంజి, దానికి ఎండుచేపలు. మాది రైల్వే కొంప గనుక దొడ్డికి వెళ్లడాన్నీ, ఉచ్చ పోయడాన్నీ కలిపి మర్యాదగా 'లైన్ క్లియర్' అనేవాళ్లం. నాన్నకు పొద్దున్నే లైన్ క్లియర్ కాకపోతే ఆ పూట ఇంట్లో ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు.

ఒకరోజు పిల్లి పెరట్లో గొయ్యి తవ్వుకుని కూర్చోవడం, ముక్కడం, అరవడం, లేచి మరో గొయ్యి తవ్వడం. లైన్ క్లియర్ అవ్వట్లేదురా అని అమ్మ బెంగపడితే, నేను సైకిలు మీద పశువుల ఆసుపత్రికి పోయి, నా బెంగాలీ ప్రతాపమంతా చూపించి, దానికి మలబద్ధకమని చెప్పి, కాంపౌండరు దాదా ఇచ్చిన విరేచనాల మందు తెచ్చి పట్టించాను. మర్నాటికి అది తిండి మాని, వాంతులు చేసుకుని, అమ్మ కుచ్చెళ్ల మీద సోలిపోయింది.

"దాదాకేటి సెప్పినావురా?" అంది అమ్మ. చెప్పాను. తల బాదుకుంది.

"ఎనకది కాదురా ఎర్రిమొగమా, ముందుది!"

బుట్టలో పెట్టుకుని ఇద్దరం పరుగు తీశాం. డాక్టరు పొట్ట నొక్కి చూస్తే మూత్రాశయం బంతిలా బిగిసి ఉంది. మగపిల్లికి ఆ దారి బహుసన్నమనీ, ఇసుకలాంటిది అడ్డుపడితే ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణం పోతుందనీ చీవాట్లు పెడుతూనే, మత్తిచ్చి, సన్నని గొట్టం వేసి మూత్రం తీశాడు. ఇకమీదట ఎండుచేపలు మానమన్నాడు, తిండిలో నీళ్లు కలిపి పెట్టమన్నాడు, మళ్లీ ఊరికే ముక్కుతుంటే మందులు మీరే వెయ్యకుండా తీసుకురమ్మన్నాడు.

ఇంటికి తెచ్చాక అది మెల్లగా పెరట్లోకి నడిచి గొయ్యి తవ్వుకుంది. అమ్మ వెనకే వెళ్లి వంగి చూసింది. తర్వాత వినబడిన కేక వర్క్‌షాపు సైరనును మించిపోయింది.

"వదినా! పోసీసిందే!"

గోడవతల నుంచి పక్క క్వార్టరు అత్త, "ధారగానా, సుక్కలుగానా?"

"ధారేనే!"

"అయితే పులిహోర సెయ్యి!"

చేసింది కూడా. పిల్లి ఉచ్చ పోసిందని పులిహోర పంచుకుతిన్న వీధి మాది.

ఇప్పుడు మాటలకు ముసుగుల్లేవు, చెప్పవలసింది చెప్పవలసిన డాక్టరుకే సూటిగా చేరుతుంది, పిల్లులు బతుకుతున్నాయి. అది మంచిదే, కాదనను. కానీ అలాంటి మంచి కబురు వచ్చినా, గోడవతలి మనిషి పేరు కూడా తెలియని ఈ రోజుల్లో, "ధారగానా, సుక్కలుగానా" అని ఆత్రంగా అడిగేవాళ్లేరీ?