తిన్నాక వంద అడుగులు

కెనడాలోని సస్కటూన్‌కి చదువుకొచ్చిన తొలి చలికాలం. రెండంతస్తులు ఎక్కితే చాలు, ఆయాసం. జిమ్‌లో చేరేంత వైరాగ్యం నాకు లేదు. అందుకే చిన్నప్పుడు నాయనమ్మ నడిపించినట్టే, భోజనం కాగానే అపార్ట్‌మెంట్ కారిడార్‌లో లెక్కపెడుతూ వంద అడుగులు మొదలుపెట్టాను.

మూడో రోజు అరవై రెండు దగ్గర బిల్డింగ్ మేనేజర్ ఆపాడు. ఎవడో తలుపుల ముందు గొణుగుతూ తచ్చాడుతున్నాడని ఫిర్యాదట! "అన్నం అరిగించుకుంటున్నా సార్" అన్నాను. రూమ్మేట్ వచ్చి విడిపించాడు, "పోవాల్సింది పొట్టరా, పరువు కాదు" అంటూ.

ఇప్పుడు మెట్లు సులువుగానే ఎక్కుతున్నాను. కానీ చిన్నప్పుడు వంద దగ్గరపడేసరికి నాయనమ్మ కావాలనే లెక్క మరిచేది. "మళ్లీ ఒకటి నుంచి రా, నాన్నా" అనేది. ఇక్కడ నా లెక్క ఎప్పుడూ తప్పదు. వందకి ఆగి, లోపలికి వచ్చేస్తాను.