రాగి రెక్కలు, సత్తు రెక్కలు

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ పని చేస్తున్నంతసేపూ కాగిపోతూ ఉంటుంది. ఆ వేడిని లాగి గాలికి వదిలేయడానికి దాని నెత్తిన ఒక లోహపు దిమ్మ కూర్చోబెడతారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పైన పలచని రెక్కలు వరసగా లేచి ఉంటాయి. దాన్నే హీట్‌సింక్ అంటారు. తట్టాంచావడిలో అట్టపెట్టెలు చేసే షెడ్డు పక్కన ఉన్న మా చిన్న షెడ్డులో వాటిని కోసి, అతికించి, పరీక్షించి పంపుతాం. పరీక్షించడం నా పని.

నా పక్క బల్ల ఆవిడ కోత పని చూసేది. నాకంటే కొన్నేళ్లు పెద్ద. ఆవిడది అల్యూమినియం పార్టీ, నాది రాగి పార్టీ. ఏళ్ల తరబడి రోజూ టీ వేళకి ఇదే పోట్లాట. రాగి వేడిని ఎంత చురుగ్గా లాక్కుంటుందో చూడండి అని నేను. లాక్కుంటే లాక్కుంది, దాని బరువుకి ప్రాసెసర్ ఉన్న బోర్డు వంగితే ఎవరిది పూచీ అని ఆవిడ. అల్యూమినియం తేలిక, చవక, రంపం కింద సులువుగా తెగుతుంది. రాగి మొండిది, రంపం పళ్లకి అంటుకుంటుంది, పైగా మా ఊరి ఉప్పుగాలికి ఇట్టే నల్లబడుతుంది. అన్నీ నిజాలే. అయినా నేను ఒప్పుకుంటానా! అడుగు రాగిది వేసి రెక్కలు అల్యూమినియంవి పెడితే పోలేదా అని యజమాని మధ్యలో వచ్చి తీర్పు చెప్పేవాడు. అలాంటివే ఎక్కువ అమ్ముడుపోయేవి కూడా. ఆ రాజీ మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ నచ్చేది కాదు.

ఈ పోట్లాటంతా తమిళంలోనే. ఒకరినొకరం మేడం అనుకునేవాళ్లం.

మా ఇళ్లల్లో తెలుగు గడప దాటదు. ఈ తమిళ దేశానికి ఎన్ని తరాల కింద వచ్చామో చెప్పేవాళ్లు లేరు. విల్లియనూరు దగ్గర పొలాలు చేసుకుంటూ ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. దాచుకోవాలని కాదు, చెప్పులు బయట విడిచినట్టు అదొక అలవాటు. పేరు చూసినా, ముందున్న తండ్రి పేరు ఇనిషియల్ చూసినా ఎవరిది ఏ భాషో తెలియదు. మా అమ్మ పోయాక ఈ అలవాటే నా పాలిట శాపమైంది. నేను పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో అప్పటిదాకా ఉన్నది అమ్మా నేనూ ఇద్దరమే. తమ్ముడి పిల్లలు తెలుగులో పలకరిస్తే తమిళంలో బదులిస్తారు, వాళ్లననేదేముంది. పగలంతా నా నోరు ఊరుకోదు గానీ అందులో ఒక్క తెలుగు మాట ఉండదు. సాయంత్రం బస్సు దిగి తాళం తీశాక అసలు మాటే ఉండదు. అమ్మకి తెలుగు అక్షరాలు రావు, నాకూ రావు. ఇదంతా నాతోనే ఆరిపోతుందేమోనని భయం పట్టుకుంది. పిల్లల వాచకం తెప్పించుకుని, ఈ వయసులో, అ ఆలు దిద్దాను. చదవడం వచ్చింది, రాయడం వచ్చింది. మాట్లాడ్డానికి మనిషి మాత్రం దొరకలేదు. ఒంటికాయ శొంఠికొమ్ములా బతకడం నాకేం కష్టం కాదని అందరితోనూ అంటాను గానీ, కష్టమే.

ఇలా ఉండగా యజమాని కోత పని బయటికి ఇచ్చేస్తానన్నాడు. ఇకనుంచి కోసిన రెక్కలే కొనుక్కొస్తారట. ఆ వారంతో ఆవిడ కొలువు అయిపోతుంది. మర్నాడు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి, పోయేముందు మీ రాగి గొప్పేమిటో చూసిపోతానంది. మొత్తం రాగితో చేసిన దిమ్మ ఒకటి వేడి పలక మీద బిగించి, కాసేపటికి రెక్కలకి గాలి కొట్టే ఫ్యాను ఆపాను. పరీక్షలో అదొక భాగం. రెక్కల కొసల్ని వేలితో తాకి చూడ్డం ఆవిడ అలవాటు. అల్యూమినియంలో కొసదాకా వచ్చేసరికి వేడి కొంచెం తగ్గుతుంది, వేలు ఓర్చుకుంటుంది. రాగి అలా కాదు, అడుగునున్న వేడిని కొసదాకా మోసుకొస్తుంది. ఫ్యాను ఆగిన సంగతి ఆవిడ చూసుకోకుండా వేలు పెట్టింది.

"అబ్బా! సుర్రని కాలిపాయనే!"

"నీళ్లల్లో పెట్టు, నీళ్లల్లో పెట్టు. నోట్లో పెట్టుకోమాక!" అన్నాను నేను.

ఏ భాషలో అరిచామో అప్పటికి గానీ ఇద్దరికీ తెలిసిరాలేదు. ఆవిడ వేలు పట్టుకుని నన్నే చూస్తోంది. అన్నేళ్ల వాదన గెలిచానన్న ధ్యాసే లేదు.

"ఏంది... మీ యింట్లో తెలుగా?" అంది.

"మా అమ్మతో. ఇప్పుడామె లేదు."

"మా యింట్లో నేనొక్కదాన్నే. మా ఆయన తమిళాయన. నేను తెలుగు మాట్లాడితే పిల్లోళ్లు నవ్వతారు. ఇన్నేండ్లు పక్కపక్కనే కూసోనుంటిమి, ఒక్క మాటన్నా అనకపోతివే మ్మే!"

"నువ్వంటివా అక్కా?"

ఆవిడ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, కోపంతో. పక్క బల్ల దగ్గరున్న మనిషిని వదిలేసి వాచకంలో వెతుక్కున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

మిగిలిన ఆ కొద్ది రోజులూ షెడ్డు వెనక గోడ నీడలో కలిసి తిన్నాం. పోట్లాటని తెలుగులోకి మార్చాలని చూశాం. మా తెలుగులో వంటిల్లుంది, జబ్బులున్నాయి, తిట్లున్నాయి. ప్రాసెసర్ల సంగతులు లేవు. అందుకని గిన్నెల మీద పడ్డాం.

"మీ సత్తు గిన్నెలో అన్నం వండితే దినమ్మూ అడుగంటేదే గదా," అని దెప్పాను. అల్యూమినియాన్ని మా ఇళ్లల్లో సత్తు అనే అంటాం.

"మీ రాగి అండాను చింతపండేసి తోమీ తోమీ మీ అమ్మకు చేతులు పడిపోయింటాయి," అంది.

నిజంగానే అమ్మకి మణికట్లు నొప్పులు. అక్కణ్ణించి మాటలు అమ్మల మీదికి పోయాయి. తమిళంలో అంతకాలం పోట్లాడినా ఈవిడకీ ఒక అమ్మ ఉండి ఉంటుందని నాకు తోచనే లేదు.

ఆవిడ వెళ్లిపోయింది. బల్ల కూడా తీసేశారు. ఫోన్ చేయాలంటే జంకు, ఏ మిషతో చేయాలి? చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ధైర్యం చేశాను.

"సొల్లుంగ మేడం," అంది ఆవిడ. చెప్పండి మేడం అని, మునుపటి తమిళంలో. వెనకాల టీవీ, పిల్లల గోల. బాగున్నారా అంటే బాగున్నానంది. షెడ్డు సంగతులడిగింది. నేనూ తమిళంలోనే చెప్పాను. చెబుతుంటే నాలో ఏదో అణగారిపోయింది. ఇక పెట్టేస్తానంటే, ఉండమంది. మెట్లెక్కుతున్న చప్పుడు, ఆయాసం, తలుపు గడియ తీసిన శబ్దం. తర్వాత గాలి హోరు. మిద్దె మీదికి వచ్చినట్టుంది.

"ఇప్పుడు మాట్లాడు మ్మే."

ఇన్నాళ్లూ ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను.

"తింటివా అక్కా?" అన్నాను.

"తింటి. నువ్వు?"

"తింటి."

"అబద్ధాలాడమాక. గొంతు వింటే తెలీదా? పోయి గుప్పెడు బియ్యమన్నా ఉడకేసుకో. ఫోను పెట్టమాక, నేనీడే ఉంటా."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి పొయ్యి పక్కన ఆనించాను. బియ్యం కడిగి గిన్నె ఎక్కిస్తుంటే అటునుంచి అడిగింది, ఎసరు ఎంత పెడితివని. కళ్ల నిండా నీళ్లు, ఎంత పెట్టానో నాకు కనపడటం లేదు. చాలినంత పెట్టినానక్కా అన్నాను.