విడివిడమ్మ

పెద్దసారు నోరు మూయించిన మనిషిని నా జన్మలో ఒక్కర్నే చూశాను. ఎవర్నేం అడగాలన్నా విడివిడిగా పిలిచి అడగడం ఆవిడ జబ్బు. మెదడు మీద పరిశోధనలు చేసే ఆ మేడలో అందరూ ఆవిణ్ణి విడివిడమ్మ అనేవాళ్లు. అక్కడ ఆవిడ పరిశోధకురాలు, వంటదాన్ని నేను. నాకొచ్చింది నాలుగు అక్షరాలే గానీ, నా భోజనాల గదిలో జరిగిన ఆ తగాదా మాత్రం ముక్క పోకుండా అర్థమైంది.

"వంద కణాలూ ఒకటే చెబుతున్నాయమ్మా, ఇంకా అనుమానమేంటి?" అన్నాడు పెద్దసారు.

ఆవిడ బల్ల చుట్టూ ఉన్నవాళ్లని టైమెంతని అడిగింది. అందరూ గోడ వైపు తలెత్తి ఒంటిగంటన్నారు.

"ఇంతమంది చెప్పారు, రాసేసుకుందామా సార్?"

పెద్దసారు చేతిగడియారం చూసుకున్నాడు. రెండున్నర. గోడమీదది ఎప్పుడో ఆగిపోయింది. ఆయన మజ్జిగ తాగేసి లేచి వెళ్లిపోయాడు.

తర్వాత విడివిడమ్మ వంటింట్లోకొచ్చి నాకు విడమరిచింది. తెర మీద ఓ చుక్క మెరిసి మాయమవుతుందట. చూసినవాళ్లు అదెక్కడుందో కాసేపు గుర్తుంచుకోవాలి. తలలో కణాలన్నీ కలిసి దాన్ని పట్టుకుంటాయి. ఒకటి ఇటు తప్పితే ఇంకోటి అటు తప్పుతుంది, మొత్తమ్మీద సరిపోతుంది.

"అన్నీ ఒకే పక్కకి జరిగాయనుకోండి పెద్దమ్మా, ఎన్నుంటే ఏం లాభం? మనకి గుర్తున్న చుక్క కూడా వాటితోపాటే జరిగిపోతుంది."

"మా తోడికోడళ్లలాగన్నమాట," అన్నాను.

ఆవిడింట్లోనూ అదే తంతు. కర్టెన్ల రంగు గురించి మొగుణ్ణి హాల్లో, అత్తగార్ని మేడమీద అడిగేది. పాపం, ఆ అత్తగారు ఓసారి మా దగ్గరికి భోజనానికొచ్చి నాతో, "మా ఇద్దరికీ ఏమైనా పడట్లేదనుకుంటోందా?" అని బెంగపడింది.

ఓ రోజు మేనేజరొచ్చాడు. "కూరలో ఉప్పు రెండుసార్లు వేశావట, బల్ల దగ్గర తిన్న నలుగురూ చెప్పారు. నీకు మతి తప్పుతోంది పెద్దమ్మా. రేపట్నుంచి రావద్దు."

వంట పోతే బతగ్గలను. మతి పోయిందన్న మాటతో బతకలేను.

విడివిడమ్మ ఆ నలుగుర్నీ నాలుగు గదుల్లో కూర్చోబెట్టి, తలా ఓ గిన్నెడు అదే కూర ఇచ్చింది. అంతంత చదువులవాళ్లు తలుపులేసుకుని గిన్నెలు నాకారు. ఒకాయన ఉప్పెక్కువన్నాడు. ఇంకొకాయన చప్పగా ఉందన్నాడు. మిగతా ఇద్దరూ ఇంకాస్త ఉందా అన్నారు.

"మరి ఇందాక అందరూ ఒకే మాటన్నారే?" అన్నాడు మేనేజరు.

"బల్ల దగ్గర మొదట తిన్నాయన మొహం చిట్లించాడు. మిగిలినవాళ్లు ఆ మొహం రుచి చూశారు," అంది.

మేనేజరు తల గోక్కుంటూ పోయాడు. ఆవిడ వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"నా నాలుక్కి మాత్రం కొంచెం ఎక్కువే పెద్దమ్మా. ఆ మాట నేనంటే నలుగురూ నా వెనకే వచ్చేవాళ్లని నోరు మెదపలేదు. రేపు ఓ చిటికెడు తగ్గించి వెయ్యండి."